ఎవరార్దో గీసిన గీత

మీరే చంపారాయన్ని. క్లబ్బు ఆఫీసులో కప్పుల బీరువా ముందు కూర్చున్న పెద్దలారా, మిమ్మల్నే అంటున్నాను. గుండె ఆగిందని కాగితం రాయించి చేతులు కడుక్కున్నారు. ఆ గుండె ఆగిన రోజు ఎలా గడిచిందో కూడా వినండి.

శుక్రవారం పొద్దున ఏడింటికి ఎవరార్దో కినొనేస్ మైదానం గేటు దాటుతున్నాడు. చేతిలో ఊరమిరపకాయల పాత డబ్బా, నిండా సున్నం. అడుగున మేకుతో కొట్టిన చిల్లు. నడుస్తుంటే వెనకాల సన్నగా సున్నం రాలుతోంది. మాది సున్నపు బట్టీల ఊరు, మా టీముని సున్నపోళ్లనే పిలుస్తారు.

అరవై మూడేళ్ల మనిషి. నుదురు రెండుసార్లు పగిలి అతుక్కుంది. ఎడమ కనుబొమ్మ సగమే ఉంది. ఒకప్పుడు దేశం జెర్సీ వేసుకుని వెనక వరుసలో గోడలా నిలబడ్డాడు. మీ క్లబ్బుకి తొమ్మిదేళ్లు ఆడాడు. తల తిరుగుతోందన్న రోజున ముక్కు కింద ఘాటు సీసా పెట్టి, మళ్లీ లోపలికి తోశారు. కుట్లు పడ్డ ఆ తలనే పోస్టర్ల మీద అచ్చేసి అమ్ముకున్నారు. ఇప్పుడు మూడో డివిజనుకి పడిపోయిన అదే టీముకి ఆయన కోచ్.

సున్నపు గీత గేటులోంచి వచ్చి, మైదానాన్ని వంకరగా కోసుకుంటూ షెడ్డు దాకా పోయింది. నెల కిందట దాన్ని మొదటిసారి చూసినప్పుడు డిఫెండర్లు గుసగుసలాడుకున్నారు. మాస్టారి కొత్త ఎత్తు ఇదేనని, ఆ గీత మీదే నిలబడాలని, అడుగు కూడా వెనక్కి పోకూడదని తేల్చారు. పోలేదు. అవతలి ఫార్వర్డులు వరసగా ఆఫ్‌సైడులో చిక్కారు. మూడు మ్యాచులు గెలిచి ఫైనల్‌కి వచ్చారు. ఏమిటి మాస్టారూ ఈ గీత అని అడిగితే ఎవరార్దో నవ్వి ఊరుకునేవాడు.

షెడ్డు దూలానికి తాడుతో బంతి వేలాడుతోంది. ఆయన పాఠమంతా దాని కిందే.

"నుదురురా, నడినెత్తి కాదు! కళ్లు మూశావంటే నీకు బంతి కనపడదు, బంతికి నువ్వు కనపడతావు!"

కెప్టెన్ నాబోర్ ఎగరబోయి ఆగాడు. బుధవారం ఆటలో అవతలివాడి మోచెయ్యి కణతకి తగిలింది.

"మాస్టారూ, బంతులు రెండు కనిపిస్తున్నాయి."

"ఎడమదాన్ని కొట్టరా, కుడిది రిఫరీది!" అన్నాడు గోలీ. అందరూ విరగబడి నవ్వారు.

ఎవరార్దో నవ్వలేదు. నాబోర్ గడ్డం పట్టుకుని కళ్లలోకి చాలాసేపు చూశాడు.

"ఇంటికి పో. ఆదివారం నువ్వు ఆడవు."

"ఫైనల్, మాస్టారూ!"

"నేనూ ఆడానురా ఒక ఫైనల్. ఎవరు గెలిచారో గుర్తులేదు."

నాబోర్ కాలితో రాళ్లు తంతూ బయటికొచ్చాడు. అప్పుడు చూశాడు, గీత గేటు బయట కూడా ఉంది. ఆట ఎత్తుకి వీధిలో ఏం పని? దాని వెంట నడిచాడు. రొట్టెల కొట్టు దాటింది. గుడి మూల తిరిగింది. ఒకచోట అర్ధచంద్రంలా పక్కకి వంగింది. ఆ వంపులో ఒక కుక్క నిద్రపోతోంది. చివరికి నీలం తలుపు ముందు ఆగింది. గడపలో ఎవరార్దో అక్క ఎదువిహెస్ చిక్కుళ్లు ఏరుతోంది.

"కనిపెట్టేశావా?" అందామె తలెత్తకుండానే. "ఆ గీత లేకపోతే మావాడు ఇల్లు చేరడు నాయనా. నెల దాటింది. పొద్దున పోస్తూ వెళ్తాడు, మధ్యాహ్నం చూసుకుంటూ వస్తాడు. ఎక్కడా అనకు, ఆ కోచ్ పనొక్కటే వాడికి మిగిలింది."

నాబోర్ వెనక్కి పరుగెత్తాడు. గేటు దగ్గర గొట్టాలు పెట్టి వీధి కడుగుతున్నారు. ఫైనల్‌కి టీవీవాళ్లు వస్తున్నారు కదా మరి. క్లబ్బు మేనేజరు ఉర్కీదెస్ గొడుగు కింద నిలబడి పురమాయిస్తున్నాడు.

"ఆపించండి సార్! అది మాస్టారి ఇంటిదారి!"

"దేశంలో ప్రతి ఫార్వర్డునీ వెతికి పట్టుకున్నోడికి సొంతిల్లు దొరకదా?" ఉర్కీదెస్ పగలబడి నవ్వాడు. "నీకు దెబ్బ గట్టిగానే తగిలిందిరా. పోయి పడుకో. ఆదివారం ఆడాలి."

షెడ్డులో ఎవరార్దో లేడు, పాఠం ముగించి వెళ్లిపోయాడట. డబ్బా మాత్రం మేకుకి వేలాడుతోంది, మరిచిపోయాడు. గేటు దాటి ఎటు తిరిగాడో వీధి కడిగేవాళ్లు కూడా గమనించలేదు. వీధి మాత్రం తళతళలాడుతోంది.

ఊరంతా వెతికాం. పొద్దు వాలేవేళకి దొరికాడు, ఊరికి అవతల పాత బట్టీల మైదానంలో. పదిహేనేళ్ల వయసులో ఆయన మొదట ఆడింది అక్కడే. గోలు స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాడు. బూట్లు విప్పి పక్కన జతగా పెట్టుకున్నాడు. ఆట అయిపోయినవాడిలా ఉన్నాడు. ఊపిరి లేదు.

రేపే ఫైనల్. జాబితాలో నాబోర్ పేరు ఇంకా ఉంది. ఇవాళే కొట్టెయ్యండి. ఈ క్లబ్బుకి తల ఒగ్గి ఆడిన ప్రతి మనిషినీ, పాతవాళ్లనీ కొత్తవాళ్లనీ, మీ ఖర్చుతో డాక్టరుకి చూపించండి. డాక్టరు సరేననేదాకా ఎవరినీ మైదానంలోకి దించకండి. ఒప్పుకునేదాకా ఊరివాళ్లమంతా గేటు దగ్గరే కూర్చుంటాం. టీవీవాళ్లు మమ్మల్నే చూపించుకుంటారు.

డబ్బాని మేం కదపలేదు. ఆ మేకుకే ఉంది. చిల్లులోంచి రాలిన సున్నం దాని కింద గుప్పెడంత తెల్లటి కుప్పయింది.