రెండు చేతులతో ఇచ్చిన థోబ్వా

శుక్రవారం సాయంత్రం కుండలోంచి మొలకల వాసన వస్తే అమ్మమ్మ ఇంకా పెరట్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది. మొక్కజొన్న పిండి కాచి, మొలకల పొడి కలిపి, పొద్దుటికి కాస్త పులిసిన ఆ తియ్యటి థోబ్వాను శనివారం లిజులు సంతకు మోసుకెళ్ళి అమ్మేవాళ్ళం.

అమ్మమ్మ ఎవరికైనా మోకరిల్లి, రెండు చేతులతో కప్పు అందించేది. పెద్దలకు అలా ఇవ్వడం మా దగ్గర అందరూ చేసేదే. ఆమె కుర్రవాళ్ళకు కూడా అలాగే ఇచ్చేది. పక్కన టమాటాలు అమ్మే ఎనెలెసి పిన్ని నవ్వేది.

"మేకొచ్చి దాహమన్నా మోకరిల్లేట్టున్నావు అత్తా."

"కొనుక్కునే మేకైతే ఎందుకు మోకరిల్లనే?" అనేది అమ్మమ్మ.

ఎనెలెసి పిన్ని రాని ఒక శనివారం, సైకిల్ మీద మూటలు మోసే లింబాని థోబ్వా అడిగాడు. నేను కప్పులు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మమ్మ మోకాళ్ళ మీద ఉంది. థోబ్వా మట్టిలో ఒలికిపోయింది. నడుముకు చుట్టుకున్న చితెంజె గుడ్డలో ఫోను ముడివేసుకున్న అంచు చిరిగి వేలాడుతోంది. జనం లింబానిని తరిమి పట్టుకుని, నాలుగు తగిలించి ఠాణాలో అప్పగించారు. ఫోను దొరికింది.

"ముసలమ్మను మోకాళ్ళ మీద పడేశాడు," అన్నారంతా. వాడి వయసు వాడి ముందు ముసలావిడ తనంతట తాను మోకరిల్లుతుందని ఎవరనుకుంటారు?

ఠాణాలో ఇన్‌స్పెక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "ఒంటి మీదున్న వస్తువు లాక్కుని పారిపోతే అది ఒంటి మీంచి చేసిన దొంగతనం. లాక్కోడానికి కొట్టినా, తోసినా, బెదిరించినా దోపిడీ. దోపిడీకి జీవితాంతం జైలు కూడా పడొచ్చు అవ్వా. తోశాడని సాక్షులంటున్నారు. మీ మాటేంటి?"

"తోశాడమ్మా," అన్నాడు చిసాలె మామయ్య. మా ఇంటి తరఫున మాట్లాడేది ఆయనే. "ఆ మోకాళ్ళు చూడండి, ఎంత మట్టో."

"ఆ మట్టి ప్రతి శనివారం ఉండేదే," అంది అమ్మమ్మ.

మామయ్య గొంతు తగ్గించాడు. "అమ్మా, ఆ పోకిరికి మోకరిల్లానని ఇక్కడ చెప్తావా? రేపు ఊళ్ళో నేను తలెత్తుకోవాలా వద్దా?"

"నువ్వు తలెత్తుకోడానికి వాణ్ణి జైల్లో ముసలాణ్ణి చేయాలా నాయనా?"

తర్వాత ఇన్‌స్పెక్టరమ్మ వైపు తిరిగింది. "వాడు దొంగే. నా ఫోను తీశాడు, శిక్ష పడాల్సిందే. కానీ నన్ను తోయలేదు, బెదిరించలేదు. కప్పిస్తూ నేనే మోకరిల్లాను. నా రెండు చేతులూ కప్పు మీదుంటే ముడి లాక్కుని పోయాడు."

బల్ల మీద కూర్చున్న లింబాని గోడవైపు తిరిగిపోయాడు. ఇన్‌స్పెక్టరమ్మ దోపిడీ మాట కొట్టేసి, ఒంటి మీంచి దొంగతనమని రాసింది.

వాడు జైలుకు వెళ్ళాడు. మామయ్య వానలు పడేదాకా మా ఇంట్లో న్సిమా ముద్ద ముట్టలేదు. అమ్మమ్మ మాత్రం శనివారాలు ఆయనకు సొరబుర్ర నిండా థోబ్వా పంపేది. బుర్ర ఎప్పుడూ ఖాళీగానే తిరిగొచ్చేది.

అమ్మమ్మ పోయాక, సంతలో ఆమె చాప మీద ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు మొహమాటం. మోకరిల్లితే మాట్లాడే పని ఉండదు.

పోయిన శనివారం చాప ముందు లింబాని నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు.

"అవ్వ లేదా?"

లేదని తల ఊపాను. వాడు కుండ వైపు చెయ్యి చూపించాడు. కప్పు నింపి, అలవాటుగా మోకరిల్లి, రెండు చేతులతో అందించాను. ఫోను నా నడుము దగ్గరి ముడిలోనే ఉంది. అయినా రెండు చేతులూ కప్పు మీదే ఉంచాను.

వాడూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులతో తీసుకున్నాడు.

ఎనెలెసి పిన్ని టమాటాల మీదుగా తొంగిచూసింది. "ఏమర్రా, ఇద్దరూ మట్టిలో ఏం వెతుకుతున్నారు?"