గొలుసుకు ఇద్దరు యజమానులు

కొల్లాపూర్ మామిడి తోటల్లో కుక్కకు ఆరు నెలలే ఉద్యోగం. పూతనాడు చేరాలి, ఆఖరి గంప లారీ ఎక్కగానే దిగిపోవాలి. తోటను గుత్తకు పట్టినవాడు కాయ తెంపుకొని పోతూ పోతూ మోటరు, నిచ్చెనలు, గంపలు తోట గల పటేలుకు ఒప్పజెప్పి, ఒప్పజెప్పినట్టు కాగితం రాయించుకుంటాడు. ఆ కాగితంలో అన్నిటికంటే కింద, గంపల తర్వాత, కుక్క ఉంటుంది. మళ్లీ పూత వచ్చేదాకా దాని కూడు సంగతి మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. కుక్కలకు చదువు రాదు కాబట్టి ఇన్నేళ్లూ ఏ కుక్కా అడగలేదు.

ఎస్తేరమ్మకూ చదువు రాదు. కానీ అడిగింది.

ఆ ఏడు సర్పంచ్ ఎన్నికలు దగ్గర పడ్డాయి. రామచంద్రయ్య పటేలు నిలబడుతున్నాడు. ఆయన తోట అవతల ఆముదం చేనులో కలుపు తీయడానికి ఎస్తేరమ్మ రోజూ పోయేది. దారిలో మోటరు కొట్టం, కొట్టం గుంజకు ఆరు మూరల గొలుసు, గొలుసు చివర నల్ల కుక్క. అది ఎంత చిక్కిపోయిందంటే, గాలి వీచినప్పుడు ఎగిరిపోకుండా ఆ గొలుసే పట్టుకుందని ఎస్తేరమ్మ చెబుతుంది. అబద్ధమే గానీ, మరీ పెద్ద అబద్ధం కాదు. గొలుసు అందినంత మేర గడ్డి లేదు. వేళ్లతో సహా పెరుక్కొని తినేసింది.

సద్దిలో ఉన్న రెండు జొన్న రొట్టెల్లో ఒకటి కుక్కకు వేసి, ఒకటి తను తిని, ఎస్తేరమ్మ వారం రోజులు నెట్టింది. ఎనిమిదో రోజు పటేలు ఇంటి ముందు నిలబడింది.

“పటేలా, కుక్క సచ్చేతట్టున్నది. జర ఇడిసిపెట్టు.”

“కుక్క నాదా? గుత్తేదారు దేవరాజుది. వాన్నే అడుగు.”

“ఆయన ఇటిక్యాలల ఉన్నడు. తాళంచెవి నీకే ఇచ్చిపోయిండంటున్నరు.”

“నా దగ్గర తాళంచెవీ లేదు, గీళంచెవీ లేదు. ఇగో ఎస్తేరా, నువ్వు గిట్ట గొలుసు తెంపితివో, దొంగతనం కేసైతది. మూడేండ్లు లోపలుంటవ్.”

మూడేండ్లు అన్న మాట ఎస్తేరమ్మకు ఊరికే పోలేదు. ఆముదం చేను కలుపు మానేసి ఠాణాకు పోయి హెడ్డు కానిస్టేబులు అనంతయ్యను అడిగింది, గొలుసు తెంపినోళ్లకు మూడేండ్లయితే, కుక్కను కడుపు ఎండబెట్టి చంపినోళ్లకు ఎన్నేండ్లని.

అనంతయ్య మంచివాడే. బీరువా అడుగు నుంచి ఒక పుస్తకం తీశాడు. అందులో సగం చెదలు చదివేశాయి, మిగిలిన సగం ఆయన చదివాడు.

“మొదటి తప్పుకు పది రూపాయల కెల్లి యాభై దాకా జుర్మానా.”

“అంటే కుక్క కన్న గొలుసే ఎక్కువన్నట్టు.”

“చట్టం నేను రాయలేదమ్మా. నేను పుట్టకముందే రాసిండ్రు.”

“యాభయ్యే కానీ సారూ. నాకు రెండే కావాలె. కుక్కను ఇడిపియ్యాలె. దాన్ని కట్టేసి కూడు పెట్టనోని పేరు కాగితం మీద రాయాలె.”

పేరుతో ఆమెకేం పని అని అనంతయ్యకు అర్థం కాలేదు. వెనుకటికి ఎస్తేరమ్మ ఒక కాలువ పనికి గుంపుతో పోయింది. నలభై మందిని గుట్టల నడుమ దింపి మేస్త్రి మాయమయ్యాడు. ఇరవై రోజులు నీళ్లు తాగి బతికారు. తర్వాత ఎవరిని అడిగినా, ఆ మేస్త్రి పేరు ఏ కాగితంలోనూ లేదు, కాబట్టి అలాంటి మేస్త్రే లేడన్నారు. అప్పటి నుంచి ఎస్తేరమ్మకు కాగితం మీద పేరంటే పట్టుదల.

“యజమాని ఎవరో తేలకుంటే పేరెట్ల రాస్తనమ్మా?” అన్నాడు అనంతయ్య.

“తేల్చు సారూ. నేను గీడనే కూసుంట.”

పొద్దున కుక్కకు రొట్టె వేసి రావడం, ఠాణా మెట్ల మీద కూర్చోవడం. మూడు రోజులు అదే పని. వచ్చినవాడికీ పోయినవాడికీ కుక్క కథ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కుక్క ఇంకొంచెం చిక్కింది. మూడో రోజుకు ఎంత సన్నబడిందంటే, ఎదురుగా నిలబడితే కనపడదు, పక్కకు తిరిగితేనే కనపడుతుంది. ఓటు అడగడానికి పోయిన రామచంద్రయ్యను ఒక ముసలమ్మ, “కుక్కకు కూడు పెట్టనోనివి, ఊరికేం పెడతవ్ పటేలా?” అని అడిగింది. పటేలు అక్కడి నుంచి నేరుగా ఠాణాకు వచ్చాడు. ఇటిక్యాలకు ఫోను పోయింది. దేవరాజు మధ్యాహ్నం బస్సుకు దిగాడు. అందరూ కలిసి తోటకు నడిచారు.

అనంతయ్య మోటరు కొట్టం గడప మీద కూర్చొని కాగితం తీశాడు.

“కుక్క ఎవనిది?”

“నాది గాదు సార్,” అన్నాడు దేవరాజు. “తోటతోపాటే ఒప్పజెప్పిన. గీ కాగితంల సూడుండ్రి. మోటరు ఒకటి, నిచ్చెనలు రెండు, గంపలు నలభై, కుక్క ఒకటి.”

“నేను మోటరు దాకనే సూసి దస్కతు పెట్టిన,” అన్నాడు పటేలు. “నిచ్చెనలు గుడ ఎంచలేదు. కుక్కతోని నాకేం సంబంధం లేదు.”

“గట్లనే రాసియ్యుండ్రి ఇద్దరూ.”

రాసిచ్చారు. యాభై రూపాయలకు కాదు, ఎన్నికల ముందు పరువుకు భయపడి పటేలు రెండుసార్లు సంతకం పెట్టాడు. ఒకటి చాలని అనంతయ్య అన్నా వినలేదు.

“అయితే కుక్క ఎవరిదీ గాదు,” అని అనంతయ్య కాగితం మడిచాడు. “మరి గొలుసు?”

“గొలుసు నాదే,” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

“పెబ్బేరు సంతల నేను కొన్న,” అన్నాడు దేవరాజు. “మూడు గొలుసులు పట్టి పట్టి సూసి, బరువున్నది తెచ్చిన.”

“నువ్వు తెచ్చింది పోయినేడే తెగింది. గిది మా నాయిన కోడె దూడకు చేపిచ్చిన గొలుసు. కొల్లాపూర్ల ఇసొంటి ఇనుము ఉన్నదా?”

“మీ నాయిన గొలుసైతే తాళం నాదెట్లైతది పటేలా?”

“తాళం నీదా?” పటేలుకు కోపం వచ్చింది. ధోతి పక్కకు జరిపి మొలతాడుకు కట్టిన తాళంచెవి బయటికి లాగాడు. “మరి గిదేంది? చెవి నా మొలకుంటే తాళం నీదెట్లైతది?”



“రాసుకో సారూ,” అంది ఎస్తేరమ్మ. “తాళంచెవి ఎవరి మొలకున్నదో రాసుకో.”

అనంతయ్య మడిచిన కాగితం వైపు చూశాడు. దాని మీద రెండు సంతకాలు, నిజానికి మూడు, అప్పటికే ఆరిపోయాయి.

“పటేలా, కుక్క నీది గాదని రాసిచ్చినవ్. నీ గొలుసు పరాయి కుక్క మెడకెందుకున్నది? తీసుకో.”

పటేలు తాళం తీశాడు. తన గొలుసును రెండు చేతులతో చుట్టుకొని, తుప్పు దులిపి, భుజాన వేసుకున్నాడు. దేవరాజు తాళం కోసం ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

మెడ ఖాళీ అయినా కుక్క మాత్రం ఎటూ పోలేదు. లేచి, గుంజ చుట్టూ ఎప్పటిలాగే ఆరు మూరల మేర నడిచింది. గుండ్రం దాటే చోట ఆగిపోయింది. ఎస్తేరమ్మ పిలిచింది, రొట్టె చూపించింది. రాలేదు. చివరికి కొంగు నడుముకు చెక్కుకొని, గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని భుజం మీద వేసుకుంది. బరువే లేదని ఆమె ఇప్పటికీ చెబుతుంది. ఈ మాట మాత్రం అబద్ధం కాదు.

అనంతయ్య సిరా డబ్బీ పట్టుకొని వెంటపడ్డాడు.

“ఏమ్మా, ఏలిముద్ర ఏసి పో. కుక్క ఇడుదలైంది, ఫిర్యాదు ఖతం.”

“ఎవని పేరు రాసినవ్?”

“ఇద్దరూ కాదనిరి. నిందితుడు లేడని రాసిన.”

“అట్లయితే ఏలు గుడ లేదు,” అని ఎస్తేరమ్మ నడిచిపోయింది.

రామచంద్రయ్య తొమ్మిది ఓట్లతో గెలిచాడు. అనంతయ్యకు బదిలీ అయింది. వేలిముద్ర లేనిదే ఆ ఫైలు మూయడానికి వీలులేదట. ఠాణాకు ఏ కొత్త హెడ్డు వచ్చినా, మొదట ఆ పాత లెక్క తేల్చుకొని రమ్మని ఎస్సై ఆయన్ను ఎస్తేరమ్మ ఇంటికి పంపిస్తాడు. ఇప్పటికి నలుగురు వచ్చారు. ఆమె మంచం వాల్చి కూర్చోబెట్టి, చాయ్ తాగిస్తుంది. పక్కన బలిసిన నల్ల కుక్క పడుకొని ఉంటుంది. సిరా డబ్బీ మూత తీయగానే ఆమె అడుగుతుంది.

“పేరు రాసుకొచ్చినవా సారూ?”

హెడ్డు మూత పెట్టి, ఇంకో చాయ్ తాగి, లేచి పోతాడు.