ఇద్దరు నడిపిన గూడ్సు నౌక

నేను ఒక సరుకుల నౌకను. నౌక అనగానే సముద్రమూ, లంగరూ, తుప్పు పట్టిన గొలుసులూ ఊహించుకోకండి. నా ఒంట్లో ఇనుము లేదు, కొయ్య లేదు, కనీసం ఒక మేకైనా లేదు. కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ ఆడుకునే 'తారాసీమ' అనే ఆటలో పుట్టాను. ఆ ఆటలో గ్రహాలుంటాయి, గనులుంటాయి, ఆడేవాళ్లంతా దండులుగా ఏర్పడి ఒకరి గ్రహం మీదికి ఒకరు యుద్ధానికి వెళుతుంటారు. యుద్ధనౌకలకు ముద్దుపేర్లు పెట్టి, బొమ్మలు గీసి, గోడలకు అంటించుకున్నవాళ్లున్నారు. ఆ యుద్ధనౌకలు అంగుళం కదలాలన్నా ఇంధనం కావాలి. అది మోసుకెళ్ళేదాన్ని నేను. నా బొమ్మ ఎవరూ గోడకు అంటించుకోలేదు. తిట్లు మాత్రం కడుపునిండా తిన్నాను.

నన్ను తయారు చేసింది సువర్చల అనే అమ్మాయి. విశాఖపట్నంలో ఒక మేడ మీద, నలుగురైదుగురు కూర్చుని పనిచేసే చిన్న సంస్థ వాళ్లది. ఆమె సొంతూరు ఆమదాలవలస దగ్గర, ఇల్లు రైలు గేటు పక్కనే. గూడ్సు బండి వస్తోందని గేటు వేస్తే, స్కూటర్ల వాళ్లూ ఆటోల వాళ్లూ విసుక్కుంటూనే ఇంజిన్లు ఆపి, పక్కవాళ్లను పలకరించేవారట. ఎవరింట్లో పెళ్ళి కుదిరిందో, ఎవరి గేదె ఈనిందో ఆ గేటు దగ్గరే తెలిసేదట. అందుకని నన్ను కావాలనే నిదానంగా చేసింది. పైగా ఒక్కరితో నడవకుండా చేసింది. దారి చూసుకునే డ్రైవరు ఒకరు, వెనక ఇంధనం ఒత్తిడి కనిపెట్టే గార్డు ఒకరు. ఆ ఇద్దరూ మాట్లాడుకోవడానికి మైకు పెట్టింది. ఆ మాటలు నా లోపలే ఉంటాయి, దండులో మిగతావాళ్లకు వినపడవు.

"ఇంత నెమ్మదైతే జనం తిడతారు సువర్చలా," అన్నాడు పక్క కుర్చీలో అతను.

"తిట్టుకోనీండి. తిట్టుకోడానికైనా ఇద్దరు కూర్చోవాలి కదా," అంది ఆమె.

నాకు పెట్టిన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ 'గూడ్సు' అనేవారు.

నన్ను నడిపినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, నేను చెప్పదలచుకున్నది ఇద్దరి గురించే. ఒకరు 'బెల్లంగడ్డ', ఇంకొకరు 'తాటిముంజ'. ఆటలో పెట్టుకున్న పేర్లవి. బెల్లంగడ్డ అసలు పేరు కనకరాజు, అనకాపల్లిలో ఎరువుల దుకాణం. తాటిముంజ అతని అక్క మణిమాల, విజయనగరంలో ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆట నేర్పింది తమ్ముడే. మధ్యాహ్నం భోజనాలయ్యాక దుకాణానికి ఎవరూ రారు, మిషను దగ్గరికీ ఎవరూ రారు. ఆ వేళకు ఇద్దరూ నన్ను ఎక్కేవారు. అక్క డ్రైవరు, తమ్ముడు గార్డు.

తరువాత మణిమాల కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశం భోజనాలలో కనకరాజు భార్యను రెండో బంతిలో కూర్చోబెట్టారు. అప్పటికి పెరుగు అయిపోయి మజ్జిగ పోశారు. అంతే. మనుషులు గ్రహాల కోసం కొట్టుకుంటే నాకు ఆశ్చర్యం వేసేది కాదు, ఆటే అది కాబట్టి. పెరుగు కోసం ఇంత జరుగుతుందని మాత్రం నాకు తెలియదు. కనకరాజు అందరి ముందూ "ఇక నీ గడప తొక్కను" అన్నాడు. మణిమాల కూడా అందరి ముందే "నేనూ నీకు ఫోన్ చెయ్యను" అంది. మాట అన్నది నలుగురిలో. వెనక్కి తీసుకోవాలన్నా నలుగురిలోనే తీసుకోవాలట.

అయితే నన్ను ఎక్కనని ఎవరూ ఒట్టు పెట్టుకోలేదు.

గొడవ జరిగాక కొన్నాళ్లకు మొదటిసారి ఇద్దరూ ఒకే ట్రిప్పుకు వచ్చారు. చాలాసేపు నా ఇంజిను చప్పుడే వినిపించింది. చివరికి వెనకనుంచి ఒక గొంతు సవరించుకుంది.

"డ్రైవరు గారూ, ఒత్తిడి కొంచెం ఎక్కువైనట్టుందండి."

"తగ్గించండి గార్డు గారూ. ఏటండీ, గొంతు అలాగుంది? జలుబు చేసిందేటి?"

"కొద్దిగానండి."

"వామన్నం తినండి, పోతాది. చిన్నప్పటినుంచీ మీకు… అంటే, ఎవరికైనా వామన్నమే మంచిదండి."

ఆ రోజునుంచీ అదే వరస. అక్క అని అతను అనడు, తమ్ముడని ఆమె అనదు. పరాయివాళ్లలా 'గారూ', 'అండీ' అనుకుంటూనే అత్తగారి మోకాళ్ళ నొప్పులూ, ఇంట్లో నీళ్ల మోటారు పాడైన సంగతీ, అమ్మ తద్దినానికి ఎవరెవరు వచ్చారన్నదీ అన్నీ మాట్లాడుకునేవారు. నేను ఎంత నిదానంగా వెళితే వాళ్లకు అంత మేలు. ఒక్కొక్కసారి దగ్గరి దారి వదిలి మణిమాల నన్ను చుట్టుదారి పట్టించేది. గార్డు గారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. నా పుట్టుకకు అర్థం ఉందని నాకు అనిపించింది ఆ మధ్యాహ్నాలలోనే.

ఇక్కడే కనకరాజు ఒక పని చేశాడు. దుకాణం వెనకే అతని ఇల్లు. భార్య వచ్చి "ఇంతసేపు ఆ ఫోన్లో ఏటి చేస్తున్నారు?" అని అడిగేది. "నేనేటి చెయ్యను? ఈ దిక్కుమాలిన బండి ఎంతకీ చేరదు!" అనేవాడు. ఆమె నమ్మాలి కదా. అందుకని ఆట అభిప్రాయాల పేజీలోకి వెళ్లి, ఆమె చూస్తుండగానే నన్ను దుమ్మెత్తిపోసేవాడు. "ఇది నౌకా, నత్తా? అనకాపల్లి నుంచి ఎడ్లబండి కట్టుకుని వెళ్లినా ఈపాటికి చేరిపోదును" అని రాశాడు. దాని కింద తాటిముంజ "నిజమేనండీ, మా ఇంట్లో కూడా ఇదే గోల" అని రాసింది. ఆమె ఇంట్లోనూ ఒక భర్త ఉన్నాడు మరి. ఆ తిట్లు చదివి మిగతా ఆటగాళ్లకూ సరదా పుట్టింది. మా దండులో పొద్దున్నే వచ్చి నన్నొక మాట అనడం పలకరింపు కింద లెక్క. తిట్టినవాళ్లే మళ్ళీ మధ్యాహ్నానికి నన్ను ఎక్కేవారు. నాకు కోపం ఎప్పుడూ రాలేదు. ముద్దు చేసేవాళ్లు ఎలా తిడతారో, విసిగిపోయినవాళ్లు ఎలా తిడతారో నాకు తేడా తెలుసు.

ఆ తేడా తెలియనివాళ్ల చేతికి ఆట వెళ్లింది. చిన్న సంస్థను ఒక పెద్ద సంస్థ కొనుక్కుంది. కొత్తగా వచ్చిన డిజైన్ అధిపతి చెడ్డవాడేమీ కాడు. ఆటగాళ్లు రాసిన ప్రతి మాటా శ్రద్ధగా చదివేవాడు. అదే వచ్చిన చిక్కు. ఒక మీటింగులో నన్ను పెద్ద తెర మీద నిలబెట్టి, నా పక్కన బెల్లంగడ్డ తిట్లన్నీ వరసగా పెట్టారు.

"మన ఆటలో అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు దీని మీదే. జనం ఎదురు చూసి చూసి అలిసిపోతున్నారు. ఇలాగే వదిలేస్తే ఆట మానేస్తారు," అన్నాడతను.

"మా వైపువాళ్లు ఇష్టమైనదాన్నే తిడతారండీ. నచ్చకపోతే మాట్లాడడం మానేస్తారు," అంది సువర్చల.

"తిట్టే మనిషి ఇష్టంగా తిడుతున్నాడని నేను పైవాళ్లకు ఎలా చూపించను?" అని నిజంగానే అడిగాడు. సువర్చల తలవంచుకుని నా వేగం మార్చడానికి కూర్చుంది. నన్ను కన్న చేతులే నన్ను మార్చాయి.

ఇవతల, నా ఆఖరి మధ్యాహ్నం అది ఆఖరిదని తెలియకుండానే వచ్చింది. సగం దారిలో డ్రైవరు గారు నోరు విప్పారు.

"వచ్చే నెలలో మా ఇంట్లో ఫంక్షనండి. మా అమ్మాయి లాస్యకి ఓణీలు వేస్తున్నాం."

గార్డు గారు అవసరం లేకుండానే ఒత్తిడిని ఒకసారి తగ్గించి, మళ్ళీ పెంచారు.

"ఓహో. మంచిదండి. పెద్దదైపోయిందన్నమాట."

"ఓణీ మేనమామే కదండీ తేవాలి."

"తేవాలండి. తేవడానికేటి, ఎవరైనా ఆనందంగా తెస్తారు. ముందు మేనమామని పిలవాలి కదండీ."

"పిలవాలండి."

మళ్ళీ ఇంజిను చప్పుడు. నేను ఇంకాస్త నిదానించగలిగితే బాగుండునని నాకు అనిపించింది. కానీ నా వేగం నా చేతిలో లేదు.

"పిలిస్తే… వస్తారంటారా?" అంది మణిమాల.

ఆ మాటకు జవాబు వచ్చేలోపు రేవు వచ్చేసింది. ఎదురుగా దండువాళ్లు ఇంధనం కోసం కాచుకుని ఉన్నారు. "దిగీసాం గార్డు గారూ. రేపు ట్రిప్పులో మాట్లాడుకుందారండి," అని ఆమె గబగబా వెళ్లిపోయింది. కనకరాజు మాత్రం మైకు ఆపడం మరిచిపోయాడు. బట్టల షాపుకు ఫోన్ చేసిన గొంతు నాకు వినపడింది. "ఆ నెమలికంఠం రంగు ఓణీ చూశాను కదా, అది తీసి పక్కన పెట్టండి. నేను వచ్చేదాకా ఎవరికీ ఇచ్చెయ్యకండి," అంటున్నాడు.

మర్నాడు ఆట తెరవగానే కొత్త రూపం వచ్చింది. "మీరు అడిగారు, మేము చేశాం" అని పెద్ద అక్షరాలు. ఇకనుంచి సరుకు మీట నొక్కితే చేరిపోతుంది. గార్డు అక్కర్లేదు, డ్రైవరూ అక్కర్లేదు. ఇద్దరూ అలవాటుగా నా మీద వేలు పెట్టారు. పాత కుర్చీలు రెండూ ఆ ఒక్కసారికి మిగిలి ఉన్నాయి కాబోలు, "గార్డు గారూ" అన్న గొంతు వినపడింది. 'గారూ' పూర్తయ్యేసరికి రేవులో ఉన్నాం. తరువాత ఆ కుర్చీలూ తీసేశారు. దండు మొత్తం వినేలా మాట్లాడుకునే యుద్ధగది ఒకటే మిగిలింది. అందులో ఓణీల సంగతి ఎలా ఎత్తుతారు?

అభిప్రాయాల పేజీ అట్టుడికిపోయింది. "ఎవరడిగారండీ మిమ్మల్ని?" అని ఒకరు. "ఇదివరకు శత్రువు దారి కాస్తాడేమోనని గుండె దడదడలాడేది. ఇప్పుడు దారే లేదు, దడ ఎక్కడిది?" అని ఇంకొకరు. "మా గూడ్సు మాకిచ్చీండి" అని అందరూ కలిసి ఒక విన్నపం పెట్టారు. సంస్థ ఓపికగా జవాబిచ్చింది, మర్యాదగానే. మీ కోరిక మీదే చేశామంటూ సాక్ష్యంగా ఒక ఆటగాడి మాటలను చూపించింది. ఇది నౌకా, నత్తా? ఎడ్లబండి కట్టుకుని వెళ్లినా ఈపాటికి చేరిపోదును. కింద పేరు, బెల్లంగడ్డ.

పాపం కనకరాజు "అది తిట్టు కాదండీ" అని రాశాడు. మరేమిటి అని ఎవరో అడిగారు. ఏం చెప్పగలడు?

ఒక రోజు దండు అందరూ చూసే చోట అతను "తాటిముంజ గారూ, ఏదైనా సరుకు చేర్చాలా అండీ?" అని రాశాడు. చాలాసేపటికి జవాబు వచ్చింది. "ఇప్పుడు దానంతటదే చేరిపోతోంది కదండీ." ఆ జవాబు రాయడానికి ఆమె ఎన్నిసార్లు రాసి చెరిపిందో నాకు తెలియదు. ఆమె మిషను ఉన్న గదిలోకి నాకు ప్రవేశం లేదు.

ఫోన్ ఉంది కదా, బస్సు ఉంది కదా, అనకాపల్లికీ విజయనగరానికీ మధ్య రోజంతా రైళ్లు తిరుగుతాయి కదా అని మీరు అనుకుంటున్నారు. నేనూ అనుకున్నాను. ముందు ఫోన్ చేసినవాళ్లు ఆ రెండో బంతి తప్పు తమదేనని ఒప్పుకున్నట్టట. నా మీద ఎక్కితే మాత్రం ఏమీ ఒప్పుకున్నట్టు కాదు, సరుకు చేర్చడానికి వచ్చినట్టు. వాళ్ల పంతాలకు నేను దొరికిన సందును. ఆ సందును మూసేశారు. వాళ్లు కోరుకున్నారనే మూసేశారు.

నన్ను పూర్తిగా చెరిపేయలేదు. విన్నపం పెట్టినవాళ్ల మనసు నొప్పించడం ఇష్టంలేక ఆటలో 'పాత నౌకల శాల' అని ఒకటి కట్టారు. నన్ను శుభ్రంగా తుడిచి, దీపాలు పెట్టి, ఎత్తు మీద నిలబెట్టారు. బతికుండగా ఇంత మెరుపు నాకు లేదు. చూడవచ్చినవాళ్లకు ఎవరి గది వాళ్లది, ఒకరి సందడి ఇంకొకరికి అడ్డం కాకుండా. వందమంది ఒకేసారి వచ్చినా, ప్రతివాళ్లకూ తామొక్కరే వచ్చినట్టు ఉంటుంది. ఆ గదులన్నిట్లోనూ ఉన్నది మాత్రం ఒక్క నేనే.

లాస్యకు ఓణీలు వేసిన మర్నాటి మధ్యాహ్నం కనకరాజు వచ్చాడు. ఇదివరకు ఇద్దరూ నన్ను ఎక్కే వేళే అది. నా వెనక భాగం దగ్గర, గార్డు కుర్చీ ఉండే చోట నిలబడ్డాడు. పాత అలవాటు కొద్దీ ఫోన్ మైకు తెరిచే ఉంచాడు. బట్టల షాపులోంచి తెచ్చిన కాగితపు సంచీ అనుకుంటాను, ఏదో గరగరలాడుతున్న చప్పుడు వచ్చింది.

అతను ఉండగానే మణిమాల వచ్చింది, శాలలో తన వంతు గదిలోకి. నా ముందు వైపు నిలబడింది. ఆమె మైకూ తెరిచే ఉంది, మిషను చప్పుడు మాత్రం లేదు. ఇల్లంతా ఇంకా చుట్టాలతో నిండి ఉన్నట్టుంది, వెనక గిన్నెల మోత వినపడుతోంది. ఎవరో మేనమామ వరసైనవాళ్ల చేత ఓణీ ఇప్పించారని ఆ చుట్టాల మాటల్లో తెలిసింది. ఇంట్లో ఆమె లేచి వెళ్లి తలుపు వేసుకుంది. మళ్ళీ వచ్చి కూర్చుంది. గొడవ జరిగాక నా లోపల ఒక్కసారి కూడా అనని మాట అప్పుడు అంది.

"తమ్ముడూ, లాస్య ఎంత బాగుందో తెలుసా? నువ్వే లేవురా."

ఆ మాట నాదాకా వచ్చింది. నా దగ్గరనుంచి వెనకనున్న అతనికి చేర్చడానికి ఇప్పుడు నాలో ఏ తీగా లేదు. అతను అప్పటికింకా అక్కడే నిలబడి ఉన్నాడు.