గడప దాటిన వంకర బొమ్మ

ఐదేళ్లుగా అబూ జాసిమ్‌ను ఒక జానెడు చేప ఏడిపిస్తోంది.

సౌదీలోని హుఫూఫ్ బజారులో చేపల వేట సామాన్ల దుకాణం ఆయనది. అరవై దాటిన మనిషి. ఉఖైర్ దగ్గర సముద్రంలో పడవ మీంచి నడుమెత్తు వంజరాలను లాగిన మొనగాడు. అలాంటివాడు ఏటా ఏప్రిల్‌లో కుటుంబంతో టర్కీ వెళతాడు. ట్రబ్జోన్ కొండవాగుల్లో ట్రౌట్ కోసం గాలం వేస్తాడు. ఖాళీ చేతులతో తిరిగొస్తాడు.

వంజరం పరుగెత్తే ఎరను తరిమి పడుతుంది. ట్రౌట్ అలా కాదు. మంచు కరిగి వాగు చల్లగా, మురికిగా పారే ఆ రోజుల్లో రాయి చాటున అడుగునే పడుకుంటుంది. ఎర తన ముక్కు ముందుకు నెమ్మదిగా వస్తేనే నోరు తెరుస్తుంది. అబూ జాసిమ్ దగ్గరున్న ఇనప ఎరలు నెమ్మదిగా లాగితే రాళ్లలో ఇరుక్కుంటాయి. వేగంగా లాగితే చేప కన్నెత్తి చూడదు.

ఆ జానెడు చేప మీద భూమేష్ బతుకు వేలాడుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

భూమేష్‌ది నిర్మల్. బొమ్మలు చెక్కే ఇంట పుట్టాడు. హుఫూఫ్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో వడ్రంగి. 2019 అది. చాలినంతమంది సౌదీలను పనిలో పెట్టుకోని కంపెనీలకు సర్కారు నితాఖత్ లెక్కల్లో ఎరుపు రంగు పడుతోంది. భూమేష్ కంపెనీకీ పడింది. ఎరుపులో పడ్డ కంపెనీలో ఇఖామాలు రెన్యూ కావు. ఇఖామా లేనివాడు ఆ దేశంలో ఉండలేడు. మే నెల వచ్చేలోగా మరో కఫీల్, అంటే పూచీపడే యజమాని, దొరకాలి, లేదంటే ఫైనల్ ఎగ్జిట్. నిర్మల్‌లో గోడలు లేచిన ఇల్లు స్లాబు కోసం ఎదురుచూస్తోంది. రోజూ ఫోన్లో భార్య సృజన స్లాబు మాట ఎత్తదు. ఎత్తకపోవడమే అతనికి ఎక్కువ బరువు.

అతని తరఫున పైరవీకి దిగినవాడు యెహోషువ.

అంతర్వేది తీరం మనిషి. అబూ జాసిమ్ దుకాణంలో ఏళ్ల తరబడి గాలాలు అమ్మాడు. అమ్మే పని సౌదీలకే అన్న నియమం వచ్చాక కాగితం మీద గోడౌను మనిషయ్యాడు. కొనేవాళ్లు మాత్రం కౌంటరు దాటి గోడౌను తలుపు దగ్గరికే వస్తారు. రెండేళ్ల క్రితం ఆ దుకాణంలో అరలు బిగించడానికి వచ్చిన భూమేష్ వేలి మీద సుత్తి కొట్టుకుని తెలుగులో ఒక మాట అన్నాడు. గోడౌనులోంచి తెలుగులోనే దానికి దీటైన మాట వచ్చింది. అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం యెహోషువ ఇంట్లో భూమేష్‌కి కంచం పడుతోంది. యెహోషువ భార్య రెబెక్కా ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి పోయే ముందు చేపల పులుసు వండిపెట్టి వెళుతుంది.

భూమేష్‌కి కఫీల్‌గా ఉండమని యెహోషువ అడిగితే ముసలాయన అబూ జాసిమ్ మెత్తబడ్డాడు. లెక్కలు చూసే కొడుకు జాసిమ్ మెత్తబడలేదు. పరదేశి పనివాళ్లలో ఒక్కో తలకూ సర్కారుకు లెవీ కట్టాలి, గాలాల దుకాణంలో వడ్రంగికి ఏం పని అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. యెహోషువ రెప్ప వేయకుండా అబద్ధమాడాడు. వీడు ట్రౌట్ పట్టే కర్ర చేపలు చెక్కుతాడు, అలాంటివి ఈ బజారు మొత్తంలో దొరకవు అన్నాడు.

జాసిమ్ పగలబడి నవ్వాడు. ఈ వసంతంలో ఆ కర్ర చేపతో మా నాన్న ఒక్క ట్రౌట్ పట్టనీ, అక్కడినుంచే వీణ్ని మా పేరు మీదికి మార్చుకునే ట్రాన్స్‌ఫర్ తలబ్ పంపిస్తా అన్నాడు. అతను వేళాకోళానికి అన్నాడు. తండ్రి దాన్ని ఒట్టుగా పట్టుకున్నాడు.

బయటికొచ్చాక భూమేష్ తల పట్టుకున్నాడు.

"చాపను తినుడే గాని పట్టుడు నాకెర్క లేదన్నా. గాలం ఎన్నడన్న ముట్టిన్నా నేను?"

"పట్టే సంగతి నేను చెప్తాను. చెక్కే సంగతి నువ్వు చూసుకో," అన్నాడు యెహోషువ. "తొందరపడి నువ్వు గాలం ముట్టుకున్నావంటే మాత్రం ఇద్దరం మునుగుతాం."

నిర్మల్‌లో అయితే పొనికి కర్ర. ఎండితే అరచేతిలో ఉన్నట్టే తెలియదు. హుఫూఫ్‌లో పొనికి ఎక్కడిది? భూమేష్ అబూ జాసిమ్ ఖర్జూర తోటంతా తిరిగి, చివరికి ఎండిన ఖర్జూర మట్ట మొదలు పట్టుకున్నాడు. పీచు గీకితే లోపల దూదంత తేలిక. యెహోషువ కావలసిందేమిటో చెప్పాడు. లాగితే మునగాలి, ఆపితే తేలాలి. అప్పుడే రాయి అడ్డొస్తే ఆపి, పైకి తేల్చి దాటించొచ్చు. మురికి నీళ్లలో కనబడాలంటే బంగారు రంగుండాలి. దవడ కింద చిన్న ప్లాస్టిక్ రేకు బిగిస్తే నీటిని కోసుకుంటూ మునుగుతుంది.

భూమేష్ ఆరు చేపలు చెక్కాడు. పొలుసు పొలుసుకీ గీత, వీపున ఆకుపచ్చ, పక్కల బంగారం, పైన కారు షెడ్డులో తెచ్చిన వార్నిష్. అన్నిటికంటే చివర కళ్లు దిద్దాడు. ఒక్కొక్కదాన్నీ అద్దం పలక మీద బోర్లా పెట్టి చూశాడు. తండ్రి నేర్పిన పద్ధతి అది. పలక మీద ఊగిన బొమ్మ పొయ్యిలోకి పోవలసిందే. వంకర బొమ్మ గడప దాటకూడదు. ఆరింటిలో ఒక్కటీ ఊగలేదు.

శుక్రవారం తోటలో పరీక్ష పెట్టారు. ఖర్జూర చెట్ల మధ్య కాంక్రీటు కాలువలో నీళ్లు పారుతున్నాయి. నిండా జిలేబీ చేపలు. యెహోషువ కర్ర చేపను విసిరి లాగాడు. అది మునిగింది, ఆపితే తేలింది, తిన్నగా సాగింది. జిలేబీలు రెండు పక్కలకూ తప్పుకుని, పెళ్లికొడుక్కి దారిచ్చినట్టు దారిచ్చాయి. మళ్లీ విసిరాడు. మళ్లీ దారిచ్చాయి.

"ఏమైందన్నా? మంచిగనే పోతుందిగద."

"అదే వచ్చిన చిక్కు. నీ చేప ఊరేగింపుకెళ్తోంది. దానికి ఏ కష్టమూ లేదు. కష్టంలో ఉన్నదాన్నే కదరా ఎవరైనా మింగేది! ఓ పక్క చెక్కు తీసెయ్. దెబ్బతిన్నదానిలా కుంటుతూ పోవాలి."

భూమేష్ ముఖం మాడిపోయింది. తన చేత్తో వంకర బొమ్మ బయటికి పోదన్నాడు. యెహోషువ బతిమాలాడు, కసిరాడు, ఇది బొమ్మల కొలువు కాదు ఆకలి వ్యవహారం అన్నాడు. భూమేష్ ఆరింటినీ గుడ్డలో చుట్టుకుని, ఇంటికి పోతే పోతా గానీ అయ్య చెయ్యి చెడగొట్టను అని వెళ్లిపోయాడు. ఆ పూట పులుసు కూడా తినలేదు. రెండేళ్లలో అది మొదటిసారి.

ఆరు తిన్నని చేపలూ అబూ జాసిమ్‌తో విమానమెక్కాయి.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం భూమేష్ పిలవకుండానే వచ్చి యెహోషువ ఇంట్లో చాప మీద కూర్చున్నాడు. యెహోషువా ఏమీ అడక్కుండానే కంచం పెట్టాడు. ముద్ద ఎత్తేలోగా ఫోన్ మోగింది. ట్రబ్జోన్ నుంచి వీడియో కాల్.

ఫోన్‌ను ఊరగాయ జాడీకి ఆనించారు. తెరలో తెల్లటి నురగ, నల్లటి రాళ్లు. ముసలాయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి వణుకుతున్నాడు. ఒడ్డున ఫోన్ పట్టుకున్న జాసిమ్ సంతాపం చెబుతున్నట్టు గొంతు పెట్టి సంగతి చెప్పాడు. మూడు రోజులుగా విసురుతున్నారు. నాలుగు కర్ర చేపలు తాళ్లు తెగి కొట్టుకుపోయాయి. ఒక పెద్ద రాయి వెనక ట్రౌట్ ఉంది, కళ్లతో చూశారు. కర్ర చేప దగ్గరికొస్తే అది లేచి, చూసి, మళ్లీ పడుకుంటోంది. రేపు పొద్దున్నే తిరుగు ప్రయాణం. మీ వడ్రంగికి నా సలాం చెప్పు అన్నాడు జాసిమ్.

యెహోషువ కాలువ దగ్గర తను అన్న మాట మళ్లీ అనలేదు. పులుసు గిన్నె వైపు చూస్తూ కూర్చున్నాడు. అనలేదు కాబట్టే భూమేష్‌కి అది మరింత గట్టిగా వినబడింది.

తెరలో ముసలాయన గాలం చుట్టేస్తున్నాడు.

"ఆపుమను," అన్నాడు భూమేష్. "చాకు తియ్యమను. ఎడమ దవడ కింద చెక్కు తీయాలె. గోరంత మందం."

యెహోషువ అతని ముఖంలోకి చూశాడు. అరబ్బీలో చెప్పేశాడు. జాసిమ్ జేబులోంచి చాకు తీశాడు. భూమేష్ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వాగు హోరులో మట్ట తెగిన చప్పుడు వినబడే వీలు లేదు. అతనికి వినబడింది.

"ఇటు తిరుగు," అన్నాడు యెహోషువ. "నీ బిడ్డ కుంటుతోంది, చూడు."

ముసలాయన ఎగువకు విసిరాడు. కర్ర చేప తూలింది. ఒక పక్కకు ఒరిగి, నిలదొక్కుకోబోయి మళ్లీ ఒరిగింది. రాయి దగ్గరికి వచ్చింది. సముద్రపు అలవాటు ఊరుకుంటుందా? అబూ జాసిమ్ చెయ్యి వంజరాన్ని లాగినట్టు గిరగిరా తిప్పబోయింది.

"ఆగండి బాబూ," అన్నాడు యెహోషువ తెలుగులోనే. ఆ గొంతుకు అనువాదం అక్కర్లేకపోయింది. ముసలాయన చెయ్యి ఆగింది. కర్ర చేప రాయి మీంచి పైకి తేలింది. రెండు చుట్లు తిప్పాడు. మునిగింది. మళ్లీ ఆపాడు.

రాయి వెనక చీకటి లేచింది. ఈసారి చూసి పడుకోలేదు.

గాలపు కర్ర వంగింది. తర్వాత తెరలో ఆకాశం, బూటు, ఆకాశం. జాసిమ్ ఫోన్‌తో సహా వాగులోకి దిగాడు. ఐదేళ్ల పగ చివరికి ముసలాయన రెండు చేతుల్లో చుక్కల చుక్కల చేపగా తన్నుకుంటోంది. నిజంగానే జానెడు. ఆయన దాన్ని ముద్దుపెట్టుకోలేదు, దాని పెదవికి వేలాడుతున్న కర్ర చేపను ముద్దుపెట్టుకున్నాడు. మీసాల మీంచి కారింది వాగు నీళ్లో మరేమిటో తెరలో తేలలేదు.

జాసిమ్ తడిసిన ఫోన్ తుడుచుకుని, వడ్రంగి ఇఖామా నంబరు పంపు అన్నాడు. ఆ సాయంత్రమే భూమేష్ ఫోన్‌కి తలబ్ మెసేజ్ వచ్చింది. అతను ఒప్పుకుంటున్నట్టు నొక్కి, సృజనకు ఫోన్ చేశాడు. ఈసారి స్లాబు మాట తనే ఎత్తాడు.

మే మొదటి వారంలో భూమేష్ దుకాణం వెనక గదిలో పని మొదలుపెట్టాడు. కొత్త చేపకు కళ్లు దిద్ది, అద్దం పలక మీద బోర్లా పెట్టాడు. ఊగలేదు. అప్పుడు చాకు తీసుకున్నాడు.

గుమ్మంలో నిలబడ్డ యెహోషువ నవ్వాడు. "ఎలాగూ చెడగొట్టేదానికి ఆ పలకెందుకురా?"

"ముందుగాల సక్కగ నిలబడాలె అన్నా," అన్నాడు భూమేష్, దవడ కింద చెక్కు తీస్తూ. "నిలబడనిదానికి కుంటుడెట్ల నేర్పుతం?"

ఆ శుక్రవారం దాన్ని తోట కాలువలో వేశారు. ఈసారి జిలేబీలు దారివ్వలేదు. గాలపు కర్ర పట్టుకున్నది భూమేష్. అది వంగేసరికి, ఏం చెయ్యాలో తెలియక, కర్రతో సహా కాలువ గట్టు మీద చతికిలబడ్డాడు.