ఆమె తరఫున

భర్త చొక్కా ఇస్త్రీ చేసి, అతని మాత్రలు, మంచినీళ్ల సీసా, గొడుగు, కళ్లజోడు సంచీలో సర్ది, ఆ సంచీ తన భుజానికే తగిలించుకుని ఆమె వెళ్లేసరికి రోజూ క్లాసు మొదలైపోయేది. దేశం దాటి వచ్చినా చాకిరీ ఆమెను వదల్లేదు. పొద్దున ఇంగ్లీషు పాఠం, మధ్యాహ్నం ఊరు చూడటం, ఇదీ ఆ ప్రయాణం ఏర్పాటు. తండ్రి రిటైరయ్యాక కూతురు పట్టుబట్టి ఇద్దర్నీ పంపింది. "మీ అమ్మకి ఇంగ్లీషెందుకే, నేను లేనూ? సరేలే, ఫోటోలు తియ్యడానికి పనికొస్తుంది" అని నవ్వుతూ ఒప్పుకున్నాడతను.

నిజమే, అతను ఎప్పుడూ ఉన్నాడు. బ్యాంకులో, కూతురి బడిలో, ఆమె నోరు తెరిచేలోపే ఆమె మాట కూడా అతనే చెప్పేసేవాడు. కాఫీలో ఆమెకి చక్కెర ఎంత కావాలో కూడా అతనే చెప్పేవాడు. పదిమందికీ అది ప్రేమలా కనిపించేది. పిచ్చిది, చాలాకాలం ఆమెకీ అలాగే కనిపించింది.

వాళ్ల పంతులమ్మకి ఒక పద్ధతి ఉంది. పొద్దున నేర్పిన మాటల్ని మధ్యాహ్నం చూడబోయిన చోట అందరి చేతా పలికించాల్సిందే. బేరాల పాఠం చెప్పిన రోజు బజారుకి, ప్రయాణాల పాఠం నాడు రైలు స్టేషనుకి తిప్పింది. ఆ రోజు పాఠం డాక్టరుతో మాట్లాడటం. 'అగ్రీ' అంటే ఒప్పుకోవడం అని పంతులమ్మ బోర్డు మీద రాయగానే, ఆ మాట ఎప్పుడో విన్నట్టు ఆమె ఒళ్లు ఉలిక్కిపడింది. ఎక్కడన్నది మాత్రం గుర్తు రాలేదు.

మధ్యాహ్నం వాళ్లని మ్యూజియంగా మార్చిన ఒక పాత ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆపరేషన్ గదిలో తెల్లరంగు పెచ్చులూడిన ఇనపమంచం, దాని మీదకి వంగిన పెద్ద దీపం. ముగ్గురేసి జట్టు కట్టమంది పంతులమ్మ. ఆమె రోగి. క్లాసులో తోడు లేకుండా వచ్చిన ఒక పెద్దావిడ డాక్టరు. బంధువు వేషానికి అతను ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చాడు.

ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నారా అని పెద్దావిడ ఆమె కళ్లలోకి చూసి ఇంగ్లీషులో అడిగింది. ఆమె మాటలు కూడబలుక్కుంటుండగానే అతనందుకున్నాడు.

"యెస్ డాక్టర్. షీ హాజ్ అగ్రీడ్."

అవే మాటలు. కూతురు పుట్టిన రెండేళ్లకి మళ్లీ కడుపొచ్చి నిలవక, నెత్తురోడుతూ స్ట్రెచర్ మీద పడుకున్నప్పుడు, తల పైనుంచి డాక్టరు అడిగిన ప్రశ్నకి అతను చెప్పిన జవాబు అది. అర్థం తెలియలేదు కాబట్టే కాబోలు, చెవిలో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. కడుపులో ఏదో పాడైందిట, ఇక పిల్లలు పుట్టరట అని మర్నాడు అతనే చెప్పి కళ్లు తుడిచాడు. ఒక్క కాన్పుకే చేతులెత్తేసిన ఒళ్లు అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతుంటే, పేపరు చాటున కూర్చుని విన్నాడు. ఆమె మాత్రం తన ఒంటినే తిట్టుకుంది. నీళ్లు పోసుకునేటప్పుడు పొత్తికడుపు మీది కుట్లమచ్చని తడుముకుని, నీకేం తక్కువ చేశానని దాన్నే అడిగేది. పాపం, దాని తప్పేం లేదు.

"నో," అంది ఆమె. "నోబడీ ఆస్క్‌డ్ మీ."

వాక్యంలో ఒక్క తప్పు కూడా లేదని పంతులమ్మ చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. అతనూ కొట్టబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

తిరుగు బస్సులో అతను మాత్ర అడిగాడు. ఆమె తీయలేదు.

"ఆ రోజు డాక్టరు మిమ్మల్ని ఏమడిగాడండీ?"

ఏ రోజని అతను అడగలేదు.

"అప్పుడున్న పరిస్థితుల్లో ఇంకొకరిని పెంచగలమా? నీ మంచికే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. నిన్ను అడిగితే వద్దనేదానివి."

ఆమె భుజం మీది సంచీ తీసి అతని ఒళ్లో పెట్టింది. లేచి వెళ్లి, పెద్దావిడ పక్కన ఖాళీగా ఉన్న సీటు చూపించి, కూర్చోవచ్చా అని ఇంగ్లీషులో తనే అడిగింది.