ఒక్కపొద్దు నాటి గోలి

పోచమ్మకు బోనాలు తీసే ఆదివారం పొద్దున్నే గుర్వమ్మ తలకు పోసుకుని, షుగర్ గోలి నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్ళు తాగింది. ఇక అమ్మకు బోనం ఎక్కేదాకా మెతుకు ముట్టదు. గోలి ఒక్కనాడు కూడా తప్పొద్దని డాక్టరమ్మ చెప్పింది, ఒక్కపొద్దు తప్పొద్దని కన్నతల్లి చెప్పిపోయింది. ఇద్దరి మాటా నిలబెట్టినానని ఆమె సంబురం. అయ్యా, అమ్మా, మన ఇండ్లల్లో ఇట్లాంటి సంబురాలు ఎన్ని నడుస్తున్నాయో!

ఆమె పెనిమిటి పర్వతాలు గొర్లకాపరి. నల్లమల అంచున చిరుత ఎదురైతే బీడీకి నిప్పు అడిగినోడని అచ్చంపేట సంతదాకా పేరు. చిరుత తోక అడ్డంగా ఊపి లేదన్నదట. ఆ ముచ్చట పుట్టించింది కూడా ఆయనే, అది వేరే సంగతి. అంతటి మొనగాడు ఆ పగటిపూట, అంత జనంలో గడగడ వణికాడు.

బోనాలు గుడి ముందుకు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గుర్వమ్మ నడక తూలింది. బిడ్డ భాగ్యలక్ష్మి గబుక్కున బోనం అందుకున్నది. తల్లి చేతులు వణుకుతున్నాయి, చెమటకు రవిక తడిసి ముద్దయింది, కండ్లు ఎటో చూస్తున్నాయి. అమ్మ ఒంటిమీదికి వచ్చిందని ఎవరో అన్నారు. డప్పులు జోరందుకున్నాయి. ఆడవాళ్ళు ఆమె చేతుల్లో వేపమండలు పెట్టి, పసుపునీళ్ళు చల్లి, ఏం తక్కువ చేసినమో చెప్పు తల్లీ అని అడుగుతున్నారు. గుర్వమ్మ ఏదో గొణిగి, కట్టుకున్నవాణ్ణి చూసి అన్నది:

"నువ్వెవరివిరా?"

జనం దండాలు పెట్టారు. పర్వతాలు కూడా పెట్టబోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అక్కడ జారింది గుండె. ఏటా పూనకం వచ్చినప్పుడు ఆమె ఒళ్ళు పొయ్యిమీది పెంకులాగ కాలేది. ఈసారి వానకు తడిసిన గొర్రెపిల్ల మూతిలాగ చల్లగా ఉంది.

పల్లె దవాఖాన డాక్టరమ్మ మనస్వినికి ఫోన్ చెయ్యమని బిడ్డను తొందరపెట్టాడు. పొద్దున ఏం తిన్నదని డాక్టరమ్మ అడిగింది. ఏం తినలేదు. గోలి వేసుకున్నదా అంటే వేసుకున్నది.

"తిండి లేకుండ గోలి పడేసరికి షుగర్ పడిపోయింది. మింగగలుగుతున్నదా? అయితే ఇప్పుడే బెల్లం పెట్టుండ్రి. నేను వస్తున్న."

దగ్గర్లో ఉన్న బెల్లమంతా బోనాల్లోనే ఉంది, బెల్లమన్నంలో. ఇంకా అమ్మకు ఎక్కని అన్నం.

"ముట్టకు పర్వతాలూ," వెనక నుంచి ఒక ముసలామె అన్నది. "పోయినేడు గొర్లు రాలిపోయినయ్, యాదికి లేదా? అమ్మ కన్నెర్ర జేస్తే గీసారి మనుషులే."

ఆయనకు మంద కళ్ళముందు ఆడింది. రేపు ఊళ్ళో ఏ పసిపిల్లకు జ్వరమొచ్చినా వేలు తనవైపే చూపుతారు. అమ్మ నిజంగానే పగబడితే? ఇంతలో గుర్వమ్మ మోకాళ్ళు మడతపడ్డాయి. పర్వతాలు తమ బోనం మీది దీపం తీసి కింద పెట్టి, కుండలో చెయ్యి పెట్టాడు.

డప్పులు ఆగిపోయాయి.

"మింగు గుర్వా, జర మింగు" అనుకుంటూ చిటికెడు చిటికెడు దవడకు పెట్టాడు. గుడి వైపు కన్నెత్తే ధైర్యం చాలలేదు. పూజారి ఎల్లస్వామి లేచి వస్తుంటే శాపం పెడతాడనే అందరూ అనుకున్నారు. ఆయన వచ్చి గుర్వమ్మ తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ స్కూటర్ దిగేసరికి గుర్వమ్మ చూపు కుదురుకున్నది. నా బోనమేదని అడిగింది. డాక్టరమ్మ వేలికి సూది గుచ్చి చూసి, ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కకపోయేదన్నది. తర్వాత గుర్వమ్మ వైపు తిరిగింది.

"ఒక్కపొద్దున్నవని నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే తిడ్తవనుకున్న బిడ్డా."

డాక్టరమ్మ తల వంచుకున్నది. "నాదీ తప్పే. నెలనెలా షుగరెంత అని అడిగిన గానీ మొక్కులున్నయా అని ఎన్నడూ అడగలే. అడిగితే ఆనాటి గోలి ఆపాల్నా, తగ్గించాల్నా ముందుగాల్నే చెప్పేదాన్ని. గుడిల కండ్లు మూసుకొని కూసున్న నాడు నీకు నిద్ర పడ్తదంటివి. గది మంచిదే, గుడికి పోవుడు నేను మాన్పియ్య."

అమ్మకు కోపమొచ్చిందా అని పర్వతాలు పూజారిని అడిగాడు. ఎంగిలి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఎల్లస్వామి బోనం మళ్ళీ వండడానికి కొత్త బియ్యం కడగమని ఆడవాళ్ళకు చెప్పి, వచ్చే ఏటి నుంచి బోనాలకు ముందు డాక్టరమ్మ గుడి అరుగు మీద కూర్చోవాలని, ఒక్కపొద్దు పట్టేవాళ్ళు మొదట ఆమెను కలవాలని కట్టడి చేశాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"మొక్కు మనసుకు బలం, గోలి ఒంటికి బలం. దవాఖానల మొక్కు దాచినా, గుడిల గోలి దాచినా పోయేది పానమే. రెండు తావులా ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి."