ఎండుగడ్డిలో చారల పురుగు

పశుగ్రాసం పండించే ఆవిణ్ణి మరిదితో మొదలై వీధి వీధంతా వదిన అనే పిలిచేది. ఆ సాయంత్రం ఆమె మెడ చురుక్కుమంది. తడిమితే నీటి బొబ్బలు! గడ్డి మోపులు బండికెత్తించి, వాటికే తల ఆనించి కాసేపు కునుకు తీసిన సంగతి గుర్తొచ్చింది. మిగిలిన మోపు విప్పి దులిపింది. పసుపు చారల నల్ల పురుగులు ఎండిపోయి రాలాయి.

పైచర్మాన్నే ఇలా కాల్చాయి, కడుపులోకి పోతే?

మోపులన్నీ మరిది గుర్రాల కొట్టానికి చేరిపోయాయి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.

కొట్టంలో ఆడగుర్రం నేలను గిట్టతో గీరుతోంది. బకెట్లో మూతి ముంచుతోంది గానీ గుక్కెడు తాగడం లేదు.

"కడుపునొప్పేలే వదినా. డాక్టరమ్మ వస్తోంది. కాలుగాలిన పిల్లిలా ఏంటా పరుగు?" అన్నాడు మరిది.

"ముందా గడ్డి తీసెయ్! విషముంది అందులో!"

అతను నోరు తెరిచేలోగా మిగతా గుర్రాల ముందున్న గడ్డంతా ఆమే లాగిపారేసింది.

డాక్టరమ్మ వదిన చెప్పింది వింటూనే గుర్రం ముక్కులోంచి గొట్టం దించి బొగ్గుపొడి కలిపిన నీళ్లు పోసింది, మెడ నరానికి సెలైన్ పెట్టింది. లాగేసిన గడ్డిలోంచి రాలిన పురుగును చీపురుపుల్లతో తిరగేసి అడిగింది.

"పోయినేడు మిడతలు ఎక్కువా?"

"చేనంతా నాకేశాయమ్మా."

"అదీ సంగతి. ఈ పురుగు పిల్లలు మట్టిలో మిడత గుడ్లు వెతుక్కుని తింటాయి. అందుకే ఈ ఏడు వీటి పంట పండింది. రెక్కలొచ్చాక గుంపులుగా పూత మీద వాలతాయి. కోతలో నలిగి గడ్డిలోనే ఉండిపోతాయి. చచ్చి ఎండినా వీటి విషం చావదు."

వదిన మెడ మీది బొబ్బలు తడుముకుంది. "పూల మీద చూశానమ్మా. ఎంత ముచ్చటగా ఉన్నాయో అనుకున్నాను."

మరిది తల తిప్పుకున్నాడు. అతను తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు. కొట్టంలో అటూ ఇటూ తిరగసాగింది.

"కూర్చో వదినా. నిన్ను చూసి అది ఇంకా బెదురుతోంది," అన్నాడు చివరికి.

మర్నాటికి గుర్రం నీళ్లు తాగింది. మేతకు మూతి చాపడానికి మరో వారం పట్టింది. పాత గడ్డంతా గొయ్యి తీసి పాతిపెట్టారు.

తర్వాతి కోత పూత రాకముందే కోసేశారు. మరిదే వచ్చి మోపు మోపూ విప్పి దులిపాడు. ఒక్క పురుగూ లేదు. అయినా గుర్రం మొదటి పిడికెడు నమిలి మింగి, ఇంకా కావాలని మూతి చాపేదాకా వదిన తలుపు దగ్గరే నిలబడింది.